ఇంటర్వెల్ దాకా అరువు గొంతు

రహమత్ నగర్ హిమజ సాధించిన మొదటి విజయం, తమ బస్తీకి పైన గుట్టమీదున్న జూబ్లీ హిల్స్‌లో ఒక కాఫీ హోటలు మేడమీద చేతులు కట్టుకుని కూర్చున్న సాఫ్ట్‌వేరు ఉద్యోగుల్ని కుర్చీల్లోంచి జారిపోయేటట్టు నవ్వించడం. వినేవాళ్ళకి ఇదేం ఘనకార్యం అనిపించవచ్చు. అంతకుముందు ఏడాది పొడుగునా అదే మేడమీద నిలబడి, ఒక్క నవ్వు కూడా రాక, మైకు పక్కవాళ్ళ చేతికిచ్చి మెట్లు దిగి వచ్చిన పిల్ల ముఖం చూసి ఉంటే దాని విలువ తెలిసేది.

ఆ ఏడాదంతా హిమజ ఇంగ్లీషులో మాట్లాడింది. శనివారం సాయంత్రాలు అక్కడ జోకులు చెప్పడానికి మైకు పట్టుకున్నవాళ్ళంతా ఇంగ్లీషులోనే మాట్లాడేవారు మరి. విమానాశ్రయంలో సామాన్లు తప్పిపోవడం మీద, విదేశీ కుక్కపిల్లల మీద జోకులు రాసుకుని బట్టీపట్టి చెప్పేది. మాదాపూర్ కంపెనీలో టెస్టింగు ఉద్యోగమే గానీ అప్పటికింకా ఆమె విమానం ఎక్కలేదు, కుక్కపిల్లని పెంచలేదు. 2016 వానాకాలంలో ఒక శనివారం సాయంత్రం మోకాళ్ళదాకా తడిసి, ఆలస్యంగా మెట్లెక్కింది. మైకు అందుకునేసరికి బట్టీపట్టినదంతా నీళ్ళలో కొట్టుకుపోయింది. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి ఆలస్యం ఎందుకైందో చెప్పింది.

"సారీ, మా గల్లీల నీళ్ళొచ్చినయ్. వానకు గాదు. గుట్టమీద సారోళ్ళు స్విమ్మింగ్ పూల్ కడుగుతున్నరు."

ఎవరో కిసుక్కున నవ్వారు. హిమజ ఆ వైపు తిరిగి, ఇంట్లో మాట్లాడినట్టే అందుకుంది.

"మాది గూడ జూబ్లీ హిల్సే. ఓట్లప్పుడు. ఓటేసి ఇంటికి రాంగనే మళ్ళ రహమత్ నగర్ అయితది. మా నాయిన రోజూ జర్మనీ కార్ల తిరుగుతడు తెల్సా? ఏసీ, మెత్తటి సీటు. పొద్దుమూకంగ షేర్ ఆటోల డ్రైవర్ పక్కన సగం సీటుమీద ఏలాడుకుంట ఇంటికొస్తడు. ఆటోవాడు బ్రేక్ తొక్కంగనే ఈయన కాలు గూడ కిందికి పోతది. ఆటోవాడంటడు, 'తాతా, నువ్వు తొక్కితె ఆగదే, ఆ బ్రేకు నా దగ్గరున్నది.'"

మేడ దద్దరిల్లింది. ఆ రోజు హిమజ ఇంటికి నడిచి రాలేదు, గాలిలో తేలి వచ్చింది.

ఆ జర్మనీ కారు డ్రైవరు వెంకటనర్సయ్య. నల్లగొండ జిల్లా నుంచి కుర్రతనంలోనే వచ్చి, లారీ క్లీనరుగా మొదలుపెట్టి, చివరికి జూబ్లీ హిల్స్‌లో అచ్యుతరామయ్య గారనే సినిమా నిర్మాత దగ్గర కుదురుకున్నాడు. ఇరవై ఏళ్ళు దాటింది. అంత కాలంలో కారుకి గీత పడనివ్వలేదు, సారు మాట బయటికి పోనివ్వలేదు. పెద్దల కార్లు నడిపేవాళ్ళకి ఒక నియమం ఉంటుంది: వెనక సీట్లో ఎంత నవ్వొచ్చే మాట అనుకున్నా ముందు సీట్లో ఉన్నవాడు నవ్వకూడదు. నవ్వితే విన్నట్టు లెక్క. వెంకటనర్సయ్య దీన్ని ఎంత నిష్ఠగా పాటించాడంటే ఇంటికి వచ్చాక కూడా ముఖం సడలేది కాదు.

హిమజకి కొత్త జోకు తట్టినప్పుడల్లా పరీక్ష తండ్రిమీదే.

"నాయినా, గిది విను," అని మొత్తం చెప్పేది. ఆయన సిగ్నల్ దగ్గర ఎర్రలైటు చూస్తున్నట్టు చూసేవాడు.

"ఏంది, నవ్వు రాలేదా?"

"బాగనే ఉన్నది బిడ్డా."

"బాగుంటె నవ్వాలె గద!"

"లోపల నవ్విన."

వంటింట్లోంచి తల్లి అనసూయమ్మ అందుకునేది. "ఆయన లోపల నవ్వవట్టి ఇరవై యేండ్లాయె. గది బైటికి రావాల్నంటె ఆపరేషనే చెయ్యాలె."

అనసూయమ్మకి ఈ మైకు వ్యవహారం మొదట్లో బొత్తిగా మింగుడుపడలేదు. సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్ళతో "మా పిల్ల సాఫ్ట్‌వేరు, సాయంత్రాలు మైకుల మాట్లాడతది" అని చెప్పింది. వాళ్ళు రైల్వే అనౌన్స్‌మెంటు అనుకుని, రెండో నౌకరీ గవర్నమెంటుదని తెగ సంబరపడ్డారు. హిమజ ఆ ముచ్చటను ఆ వారమే మేడమీద చెప్పేసింది. సంబంధం పోయింది గానీ జోకు నిలబడింది. ఇంట్లో మాట్లాడాలంటే భయంగా ఉందని అనసూయమ్మ వారం రోజులు సైగలతో కాలక్షేపం చేసింది.

తర్వాత హిమజ సాధించినవి చెప్పుకోవాలంటే చాలానే ఉన్నాయి. కంపెనీ వార్షికోత్సవంలో పై అధికారుల ముందే పై అధికారుల మీద మాట్లాడి, ఉద్యోగం పోకుండా బయటపడింది. శ్రీనగర్ కాలనీలో ఒక అపార్టుమెంటు వాళ్ళు వినాయక చవితికి పాట కచేరీ మానేసి ఈ పిల్లని పిలిచారు. పేపరువాళ్ళు ఫొటో వేశారు. కింద పేరు హేమజ అని పడినా ఫొటో మాత్రం హిమజదే. వీటన్నిటినీ మించింది సినిమా.

ఆ సినిమా తీసింది నవీన్. హిమజ కంపెనీలోనే పనిచేసే కుర్రవాడు. ఎన్నో సాయంత్రాలు మేడమీద కూర్చుని ఆమె ఓడిపోవడం చూశాడు, ఒక సాయంత్రం గెలవడమూ చూశాడు. దాన్నే కథగా రాసుకున్నాడు. పేరు "గుట్ట కింది పిల్ల". నవ్వించాలని నానా తంటాలు పడే ఒక అమ్మాయి కథ. హిమజే నాయిక, మాటలూ ఆమెవే. నలుగురైదుగురు సాఫ్ట్‌వేరు స్నేహితులు కలిసి కెమెరా కిరాయికి తెచ్చి, శనాదివారాలు మాత్రమే షూటింగు పెట్టారు. సోమవారం పొద్దున అందరూ కళ్ళు నులుముకుంటూ ఆఫీసు క్యాబు ఎక్కేవారు. ఏడాది అలా నడిచింది. రహమత్ నగర్ గల్లీ మొత్తం ఆ సినిమాలో ఉంది. అనసూయమ్మ తల్లి వేషం వేసింది. అంట్లు తోమే సీనుకి పట్టుచీర కట్టుకుని వచ్చింది.

"అమ్మా, అంట్లు తోమేటప్పుడు పట్టుచీరేందే?" అంది హిమజ.

"సినిమాల ఎవలన్న పాతచీర కడ్తరా? చూసెటోళ్ళు మనకు చీరలు లేవనుకోరా?"

నవీన్ ఎంత బతిమాలినా మార్చలేదు. సినిమాలో ఆమె పట్టుచీరతోనే అంట్లు తోముతుంది.

సినిమా అంతా తీసినచోటే రికార్డు చేసిన మాటలతో ఉంది. గల్లీలో హిమజ ఎలా మాట్లాడిందో తెరమీద అలాగే వినిపిస్తుంది. పూర్తయ్యాక సంగతి అచ్యుతరామయ్య గారి చెవినపడింది. "ఏమయ్యా నర్సయ్యా, మీ అమ్మాయి సినిమా చేస్తే నాకు చెప్పవేంటి?" అని కోప్పడి, నవీన్‌ని ఇంటికి పిలిపించుకుని చూశారు. మర్నాడు కార్లో వెనక సీట్లోంచి మాట్లాడారు.

"బాగుందయ్యా. నేను రిలీజ్ చేస్తాను. కానీ నర్సయ్యా, ఆ గొంతు... ఆ యాస... అది హీరోయిన్ గొంతు కాదు. మంచి డబ్బింగ్ ఆర్టిస్టు చేత చెప్పిద్దాం. ఏమంటావ్?"

"సరే సార్," అన్నాడు వెంకటనర్సయ్య.

ఎడమకి తిప్పు అన్నా సరే సార్, ఏసీ తగ్గించు అన్నా సరే సార్. ఇరవై ఏళ్ళుగా వెనక సీట్లోంచి ఒక మాట రాగానే ముందు సీట్లోంచి ఆ రెండు ముక్కలు వాటంతట అవే వచ్చేవి. ఈసారీ అలాగే వచ్చాయి. సారు దాన్ని ఇంటిల్లిపాది ఒప్పుదలగా తీసుకున్నారు. ఆయన తప్పేం లేదు. తెరమీద ఒకరు పెదవులు కదిపితే, గాజుగదిలో నిలబడి మరొకరు మాటలు పలకడం ఫిల్మ్ నగర్‌లో మామూలే. నాయికలకైతే మరీను. సారు తీసిన సినిమాల్లో సొంత గొంతుతో మాట్లాడిన నాయిక ఒక్కతీ లేదు.

జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దాటాక గానీ వెంకటనర్సయ్యకి తానేం ఒప్పుకున్నాడో తెలియలేదు. ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాడు. హిమజ తింటున్న కంచంలో చెయ్యి ఆపింది.

"నా గొంతు ఇయ్యనీకె నువ్వెవలు నాయినా?"

"సార్ అడిగిండు బిడ్డా."

"సార్ అడిగింది నిన్ను. గొంతు నాది. జోకు చెప్పెటోళ్ళకు ఇంకేముంటది? చెప్పు, ఇంకేముంటది?"

హిమజ వారం రోజులు ఒక్క జోకూ వేయలేదు. వెంకటనర్సయ్య కారు తుడుస్తూ, నడుపుతూ, ఆపుతూ కూతురు అడిగిన మాటే తలుచుకునేవాడు. చివరికి ఆమే దిగివచ్చింది. ఒకటి, నవీన్ బృందం ఏడాది కష్టం థియేటరు ముఖం చూస్తుందన్న ఆశ. రెండు, తండ్రి సారుకి ఇచ్చిన మాట. "నువ్వు సరే అన్నంక నేను గాదంటె రేపు ఆ కార్ల ఎట్ల కూసుంటవ్," అంది. ఆ మాట ఆయనకి దెబ్బలాగే తగిలింది.

ఫిల్మ్ నగర్ డబ్బింగ్ థియేటరుకి శేషారత్నం గారు వచ్చారు. ఎందరో నాయికలకి గొంతు అరువిచ్చిన పెద్ద కళాకారిణి, విజయవాడ మనిషి. హిమజను చూడగానే దగ్గరికి తీసుకున్నారు.

"నువ్వు పక్కనే కూర్చో బంగారం. ఎక్కడ ఆగుతావో, ఎక్కడ లాగుతావో చెబుతూ ఉండు."

పని మీద ఆమెకి ఎంత గౌరవమో! ఒక్కో మాట పదిసార్లు పలికి చూసేవారు. గొంతు తేనెలా ఉండేది. అయినా సాగేది కాదు. మొదటి సగం సినిమా అంతా నాయిక ఓడిపోవడమే, జోకు వేస్తుంది, ఎవరూ నవ్వరు. ఆ మాటల దగ్గర శేషారత్నం గారు కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు.

"మా దాంట్లో ప్రతి మాటా పండాలమ్మా. పండని మాట ఎలా పలకాలో నాకెవరూ నేర్పలేదు. నేను చెబితే జోకు పాడైనట్టు ఉండట్లేదు, పద్యం అప్పజెప్పినట్టుంది. నువ్వు చెబితే... నువ్వు సిగ్గుతో చచ్చిపోతున్నట్టుంటుంది చూడు."

"నిజంగనే సచ్చిపోయిన మేడం," అంది హిమజ. ఇద్దరూ నవ్వుకున్నారు.

డబ్బింగు ఇంటర్వెల్ దాకా వచ్చేసరికి డిసెంబరు వచ్చింది. సినిమావాళ్ళకి ఇక్కడే ఒక చిక్కు. ధనుర్మాసం వస్తే అచ్యుతరామయ్య గారు కొత్త పని ఏదీ తలపెట్టరు, చూపించరు. డిస్ట్రిబ్యూటర్లకి వేసే ప్రివ్యూ ఆ లోపలే అయిపోవాలని మంచిరోజు పెట్టించారు. డబ్బింగు సగమే అయిందని నవీన్ మొత్తుకున్నాడు.

"అయినంతవరకే వెయ్యవయ్యా. రెండో సగం ఉన్న గొంతుతో పోనీ. వాళ్ళకి నేను చెప్పుకుంటాలే. మంచిరోజు మాత్రం మారదు," అన్నారు సారు.

ఆ విధంగా ఇంటర్వెల్ దాకా శేషారత్నం గారి గొంతూ, ఆ తర్వాత హిమజ గొంతూ పెట్టుకుని సినిమా ఫిల్మ్ నగర్‌లో చిన్న ప్రివ్యూ థియేటరు తెరమీద పడింది.

డ్రైవర్లు కార్ల దగ్గర ఉండటం వాడుక. ఆ రోజు సారు స్వయంగా "నువ్వు లోపలికి రావయ్యా, పిల్ల తండ్రివి," అన్నారు. వెనక మెత్తటి సోఫాల్లో సారూ, డిస్ట్రిబ్యూటర్లూ. వెంకటనర్సయ్య అలవాటుకొద్దీ అందరికంటే ముందు వరసలో కూర్చున్నాడు. ఆయన చూసింది తెరనే అయినా వింటున్నది వెనకవైపే. వెనక్కి తిరగకుండానే వెనకవాళ్ళ మనసు తెలుసుకోవడం ఆయన బతుకుతెరువు. మొదటి సగమంతా దగ్గులు వినిపించాయి. ఎవరో ఫోనులో మాట్లాడారు. ఒకాయన బయటికి వెళ్ళి చాలాసేపటికి వచ్చాడు. తెరమీద కూతురి ముఖం, అందులోంచి ఎవరిదో తియ్యటి గొంతు. వెంకటనర్సయ్యకి కూతురికి పూనకం వచ్చినట్టు అనిపించి కళ్ళు దించుకున్నాడు.

సమోసాలు తిని అందరూ మళ్ళీ కూర్చున్నారు. తెరమీద హిమజ మైకు అందుకుని, "మాది గూడ జూబ్లీ హిల్సే. ఓట్లప్పుడు," అంది.

వెనక ఒక నవ్వు. తర్వాత ఇంకొకటి. షేర్ ఆటో బ్రేకు దగ్గరికి వచ్చేసరికి ఎవరో సోఫా చెయ్యిమీద దబదబా కొడుతున్నారు. ఆ దెబ్బ ఎవరిదో వెంకటనర్సయ్యకి తెలుసు. ఇరవై ఏళ్ళుగా కారు సీటు మీద విన్నదే. సారు నవ్వితే చేత్తో కొట్టి నవ్వుతారు.

దీపాలు వెలిగాక గుంటూరు నుంచి వచ్చిన డిస్ట్రిబ్యూటరు సారు చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"ఏం ఐడియా అండీ! ఇంటర్వెల్ దాకా అరువు గొంతు, తర్వాత సొంత గొంతు! ఇంత లోతుగా ఆలోచించారని అనుకోలేదండీ."

అచ్యుతరామయ్య గారు ఒక్క క్షణం తెల్లబోయి, కండువా సర్దుకున్నారు. "అందుకే కదండీ ఇంత శ్రమపడింది," అన్నారు. ఇంటర్వెల్లో మిగిల్చి అప్పుడే కొరికిన సమోసా నవీన్ నోట్లో అలాగే ఉండిపోయింది.

అక్కడికక్కడే నిర్ణయం అయిపోయింది. సినిమా ఈ రెండు గొంతులతోనే విడుదల. నవీన్ బృందం ఎగిరి గంతేసింది. అప్పుడు హిమజ ముందుకు వచ్చింది.

"సార్, ఒక్క మాట. మొదటి సగం గూడ నా గొంతే పెట్టాలె."

"ఏంటమ్మాయ్? అందరికీ నచ్చింది కదా! గెలిచేదంతా నీ గొంతే. ఓడిపోయేది వేరేవాళ్ళ మీదికి పోయింది. నీకే లాభం."

"గదే వద్దంటున్న సార్. నేను ఓడిపోయింది ఇంకొకలు పలికితె ఎట్ల? ఆ మేడమీద ఎవ్వలు నవ్వకుంటె నిలబడ్డది నేను. ఓడినప్పుడు గూడ గొంతు నాదే ఉండాలె."

శేషారత్నం గారు అక్కడే ఉన్నారు. మెల్లగా అన్నారు: "అమ్మాయి చెప్పింది నిజమేనండీ. అది నాకు చేతకాలేదు."

సారుకి కోపం వచ్చింది. పదిమంది ముందు కాదనిపించుకున్న అలవాటు ఆయనకి లేదు. "మొదటి సగమంతా ఆ యాసతో ఎవరు కూర్చుంటారు? అలా అయితే నేను ముట్టుకోను," అని కారెక్కేశారు.

కారు మెట్రో స్తంభాల పక్కనుంచి సాగుతోంది. వెనక సీట్లోంచి మాట వచ్చింది.

"నర్సయ్యా, ఇంటికెళ్ళి పిల్లకి నచ్చజెప్పు."

వెంకటనర్సయ్యకి ఆ రెండు ముక్కలు నాలుక చివరిదాకా వచ్చాయి. స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర కారు ఆగింది.

"చెప్ప సార్."

"ఏంటీ?"

"నేను చెప్ప సార్. అప్పుడు సరే అన్నది నేను. బిడ్డను అడగకుంట అన్న. నాది గాని దాన్ని ఇస్తనన్న. మళ్ళ గట్ల చెయ్య."

పచ్చలైటు పడింది. వెనక కార్లవాళ్ళు హారన్ కొట్టారు. సారు "ఎడమకి తిప్పు" అన్నారు. అది రోజూ తిరిగే మలుపే.

మర్నాడు కారు తాళాలు ఎప్పటిలాగే వెంకటనర్సయ్య చేతికి వచ్చాయి. ఆ రోజునుంచి సారు ఎక్కడికి వెళ్ళాలో తప్ప మరో మాట మాట్లాడలేదు. నవీన్ బృందంలో ఇద్దరు హిమజతో మాట్లాడటం మానేశారు. హిమజ మాత్రం నవీన్‌ని కూర్చోబెట్టి, మొదటి సగంలో తన గొంతు తిరిగి పెట్టించి, సినిమాని ఉత్సవాలకి పంపించింది. కొత్త సంవత్సరంలో పుణె నుంచి కబురు వచ్చింది. అక్కడ జరిగే చిన్న సినిమాల ఉత్సవానికి "గుట్ట కింది పిల్ల" ఎంపికైంది, హిమజ గొంతుతోనే. ఇది కూడా రాసిపెట్టుకోవలసిన విజయమే. రహమత్ నగర్ నుంచి ఆ ఉత్సవానికి పోయిన సినిమా అదే మొదటిది.

అనసూయమ్మ ఈ కబురు వినగానే అన్నకి ఫోను చేసింది. ఆమె అన్న లక్ష్మయ్య సోలాపూర్‌లో మగ్గాలమీద దుప్పట్లు నేయిస్తాడు. సోలాపూర్‌లో మనవాళ్ళవి వాడలకి వాడలే ఉన్నాయి. తాతల కాలంలో నల్లగొండ, కరీంనగర్ వైపు నుంచి వెళ్ళి స్థిరపడ్డ పద్మశాలీలు. "పుణె దాంక వచ్చి మేనమామ ఇంటికి రాకుండ పోతదా? మా సంఘం హాల్ల ఆట వెయ్యుమను. హాలు నిండకుంటె నా పేరు లక్ష్మయ్య గాదు," అన్నాడాయన.

ఆ సంగతి ఎలా తెలిసిందో గానీ సారుకి తెలిసింది. ఒకరోజు కార్లో, ఎన్నాళ్ళకో, వెనక నుంచి మాట వచ్చింది.

"సోలాపూర్‌లో వేస్తున్నారటగా. డబ్బింగు లేకుండా."

"అవును సార్."

"నాకు ఒక్కటి తెలియాలి. ఇంటర్వెల్‌కి ముందు ఎంతమంది లేచి వెళ్ళిపోతారో ఆట అయ్యాక చెప్పాలి. అబద్ధం చెప్పకూడదు. జనం కూర్చున్నారంటే, ఆ గొంతుతోనే రిలీజ్ చేస్తాను. లేచిపోతే మాత్రం నువ్వూ నీ కూతురూ నా మాట వినాలి."

వెంకటనర్సయ్య అద్దంలోంచి సారు కళ్ళలోకి చూశాడు. ఇరవై ఏళ్ళలో అదీ మొదటిసారే. "ఆమెనే అడుగుండ్రి సార్. ఆమె సినిమా."

"సరే," అన్నారు అచ్యుతరామయ్య గారు. "ఎప్పుడొస్తుంది?"

హిమజ, నవీన్ ఫిబ్రవరి మొదట్లో పుణె రైలెక్కారు. అనసూయమ్మ సంచి నిండా మురుకులు కట్టి, "స్టేజి మీద నా ముచ్చట జెప్తె మంచిగుండదు," అని రైలు కదిలేదాకా హెచ్చరించింది. పుణెలో జనం బాగా నవ్వారని ఫోను వచ్చింది. మొదటి సగంలో కూడా నవ్వారట. ఆమె ఓడిపోతుంటే జాలిపడి కాదు, ఆ సిగ్గు చూసి. సోలాపూర్ ఆట శనివారం సాయంత్రం. అది అయిన వెంటనే హిమజ రైలెక్కుతుంది. సారు పంచాంగం చూసుకుని, మర్నాడు ఏకాదశి మంచిదేనని, ఆ సాయంత్రం హిమజ మాట వినడానికి ఇంకెవరినీ రావద్దన్నారు. తండ్రి స్టేషనుకి వెళ్ళడానికి సారు కారే ఇస్తానన్నారు. ఎంతమంది లేచి వెళ్ళారన్న లెక్కతో హిమజ బేగంపేట స్టేషనులో దిగేది 2018 ఫిబ్రవరి పదకొండు, ఆదివారం పొద్దున.